పాపికొండల పడవ విహారం: తోంగ్‌పాల్ వానతో లంకె ఏమిటి?

తోంగ్‌పాల్ (ఛత్తీస్‌గఢ్): జగదల్‌పుర్ నుంచి కోంటా వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారిపై, దర్భా ఘాట్ దాటాక వచ్చే చిన్న పట్టణం తోంగ్‌పాల్. ఇక్కడ విహార పడవల రేవు లేదు. అయినా దిగువన ఆంధ్రప్రదేశ్‌లోని పాపికొండల నడుమ గోదావరిపై సాగే విహారానికీ, ఈ ప్రాంతంలో కురిసే వానకూ దగ్గర సంబంధం ఉంది. పడవ ఎక్కే యాత్రికుల్లో చాలామంది దృష్టి ఇటువైపు మళ్లదు.

సముద్ర విహార నౌకలు ఒక్కో దీవి వద్ద ఆగుతాయి. యాత్రికులు తీరానికి దిగి, ఊరు చూసి, తిరిగి నౌక ఎక్కుతారు. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నై రేవులకు ఎంప్రెస్ నౌక నడిచినప్పుడు తెలుగువారికి ఈ తరహా యాత్ర ఇంటి ముంగిటకు వచ్చినట్లయింది. నిజానికి నది మీద ఇది ఎప్పటినుంచో ఉన్నదే. గండిపోచమ్మ ఆలయం వద్ద గానీ, భద్రాచలం వైపు నుంచి వచ్చేవారైతే వి.ఆర్.పురం మండలంలోని పోచవరం వద్ద గానీ పడవ ఎక్కుతారు. పేరంటాలపల్లిలో దిగి, బాలానంద స్వామి నెలకొల్పిన ఆశ్రమాన్ని, శివాలయాన్ని దర్శిస్తారు. కొండరెడ్లు వెదురుతో చేసిన పూలు, బుట్టలు కొంటారు. రాత్రి బస కోరేవారు కొల్లూరు ఇసుక తిన్నెలపై వెదురు గుడిసెల్లో ఉంటారు.

తోంగ్‌పాల్ ప్రాంతపు వాగుల నీరు శబరిలోకి చేరుతుంది. ఒడిశాలోని కోరాపుట్ కొండల్లో పుట్టిన ఈ నదిని ఎగువన కోలాబ్ అంటారు. తీరథ్‌గఢ్ జలపాతం వైపు నుంచి వచ్చే కాంగేర్ కూడా ఇందులోనే కలుస్తుంది. సుక్మా మీదుగా సాగి, కోంటా సమీపంలో సీలేరును కలుపుకొని, కూనవరం వద్ద శబరి గోదావరిలో సంగమిస్తుంది.

అసలు కీలకం ఈ సంగమ స్థానంలోనే ఉంది. గోదావరి వరదకు అందరూ చూసే కొలమానం భద్రాచలం. అక్కడ 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. కానీ కూనవరం భద్రాచలానికి దిగువన ఉంది. అంటే శబరి తెచ్చే నీరు భద్రాచలం లెక్కలో పడదు; పాపికొండల ఇరుకులోకి మాత్రం వచ్చి చేరుతుంది. బస్తర్‌లో మరోవైపు ప్రవహించే ఇంద్రావతి సంగతి వేరు. అది ఎగువనే గోదావరిలో కలుస్తుంది గనుక ఆ నీరు భద్రాచలంలో లెక్కకు వస్తుంది.

రెండో చిక్కు ఇంకా పెద్దది. ప్రమాద హెచ్చరికలు ఒడ్డున ఉన్న ఊళ్ల కోసం ఏర్పరచినవి, పడవల కోసం కాదు. ధవళేశ్వరం వద్ద మొదటి హెచ్చరిక సుమారు 10 లక్షల క్యూసెక్కుల ప్రవాహానికి జారీ అవుతుంది. 2019 సెప్టెంబరు 15న రాయల్ వశిష్ట పడవ కచ్చులూరు వద్ద మునిగిన నాడు నదిలో ఉన్నది అందులో సగం, దాదాపు 5 లక్షల క్యూసెక్కులు. విశాలమైన చోట నెమ్మదిగా కనిపించే ఆ నీరే కొండల నడుమ ఇరుక్కున్నప్పుడు వేగం పుంజుకుని సుళ్లు తిరుగుతుంది. ఆ ప్రమాదంలో 26 మంది బయటపడ్డారు. సుమారు 50 మంది ప్రాణాలు కోల్పోయారు. 200 అడుగులకు పైగా లోతున ఉన్న పడవను ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గానీ బయటికి తీయలేకపోయింది.

ఆ తర్వాత విహారాన్ని నిలిపివేసి, 2020లో రాష్ట్రవ్యాప్తంగా 9 చోట్ల పర్యాటక కంట్రోల్ రూమ్‌లు ప్రారంభించారు. 2021లో పడవలు మళ్లీ కదిలాయి. నీటిమట్టం పెరిగితే వాటిని ఆపేస్తున్నారు. అలా యాత్ర రద్దయినప్పుడు నిర్వాహకులతో వాదులాడే యాత్రికులు కచ్చులూరును ఒక్కసారి తలచుకోవడం మంచిది.

వరద ఒక్కటే ముప్పు కాదు. 2018 మే 15న మంటూరు సమీపంలో లాంచీ మునిగింది ఈదురుగాలికి. అందులో ఉన్నవారు విహారయాత్రికులు కారు, స్థానికులు. వేసవి సాయంత్రాల్లో సరంగు పడవను ఒడ్డుకు చేర్చాడంటే అందుకు ఇదే కారణం. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు నది నిలకడగా ఉండే కాలం. ముందూ వెనకా వెళ్లేవారు భద్రాచలం నీటిమట్టంతో పాటు సుక్మా, కోరాపుట్ జిల్లాల వర్షపాతాన్నీ, కూనవరం వద్ద శబరి తీరునూ చూసుకోవాలి. గోదావరి ఉద్ధృతంగా ఉన్నప్పుడు శబరి వెనక్కి తన్ని చింతూరు, కోంటా పరిసరాల్లో రహదారిని ముంచెత్తుతుంది. తోంగ్‌పాల్ మీదుగా దక్షిణానికి రాకపోకలు ఆగాయంటే కింద పడవలకూ అది మంచి శకునం కాదు.

ఇక దిగి చూసే తీరాల సంగతి. పోలవరం జలాశయాన్ని పూర్తిస్థాయి మట్టమైన 45.72 మీటర్లకు నింపితే పేరంటాలపల్లి, కొల్లూరు వంటి చోట్లు ముంపులోకి వెళ్తాయి. గండిపోచమ్మ ఆలయం ఇప్పటికే వరద కాలంలో నీట మునుగుతోంది. ఎగువన శబరి వెనుక జలాలు తమ గ్రామాలను ముంచుతాయంటూ ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సుప్రీంకోర్టును ఆశ్రయించాయి. తొలిదశలో నీటిని 41.15 మీటర్ల వరకు నిలపాలన్నది ప్రణాళిక. జలాశయం నిండాక పాపికొండల నడుమ విస్తారమైన నీరు ఉంటుంది, పడవలూ తిరగవచ్చు. వెదురు పూలు అమ్మిన కొండరెడ్లు మాత్రం అప్పటికి పునరావాస కాలనీల్లో ఉంటారు.