బుల్లి పీసీలో పాత గేమ్‌లు: ఏది కొనాలి, ఏది వద్దు?

చేతిలో పదిహేను వేలు ఉన్నాయనుకుందాం. టీవీ వెనక దాచుకునేంత చిన్న కంప్యూటర్ ఒకటి కొని, చిన్నప్పుడు పక్కింటి వాళ్లింట్లో చూసిన ప్లేస్టేషన్ 2 గేమ్‌లు ఆడుకోవాలని మీ కోరిక. సికింద్రాబాద్ సీటీసీలో అడిగినా, ఆన్‌లైన్‌లో వెతికినా మొదట వినిపించేవి ఇవే: ‘పన్నెండు కోర్లు, 32 జీబీ ర్యామ్, పైగా గ్రాఫిక్స్ కార్డు’. అవన్నీ నిజమే కావచ్చు. అయినా ఆ పెట్టె మీద మీరు కోరుకున్న గేమ్ నత్తనడక నడవొచ్చు. ఎందుకో తెలుసుకుంటే డబ్బు వృథా కాదు. క్యాంపస్ ఇంటర్వ్యూలో కంప్యూటర్ ఆర్కిటెక్చర్ మీద ప్రశ్న వస్తే నీళ్లు నమలాల్సిన పనీ ఉండదు.

కొనే ముందు ఒక మాట. ఇంట్లో గత నాలుగైదేళ్లలో కొన్న ల్యాప్‌టాప్ ఉంటే, ముందు దాన్నే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి తగిలించి చూడండి. అది సరిపోతే ఆ పదిహేను వేలు కోచింగ్ ఫీజుకో, ఇంటర్వ్యూ ప్రయాణాలకో పనికొస్తాయి.

అసలు ఇబ్బంది ఎక్కడ?

ప్లేస్టేషన్ 2 వచ్చింది 2000లో. దాని ప్రధాన ప్రాసెసర్ ఎమోషన్ ఇంజిన్ వేగం దాదాపు 295 మెగాహెర్ట్జ్, మెమరీ 32 ఎంబీ. మీ జేబులో ఉన్న ఫోన్‌తో పోలిస్తే ఇదేమంత లెక్కలోది కాదు. మరి దాన్ని అనుకరించడం ఎందుకంత కష్టం?

ఎమ్యులేటర్ గేమ్‌ను నేరుగా నడపదు. ఆ పాత యంత్రాన్ని మొత్తం సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ కడుతుంది. ఎమోషన్ ఇంజిన్ ఎంఐపీఎస్ భాష మాట్లాడితే, మీ పీసీ ఎక్స్86 భాష మాట్లాడుతుంది. ప్రతి ఆదేశాన్నీ అప్పటికప్పుడు అనువదించాలి. ఇంటర్వ్యూల్లో అడిగే ‘జస్ట్ ఇన్ టైమ్ కంపైలేషన్’ ఇదే. పైగా ఆ యంత్రంలో రెండు వెక్టర్ యూనిట్లు, విడిగా గ్రాఫిక్స్ చిప్, సౌండ్ చిప్ ఉన్నాయి. పాత ప్లేస్టేషన్ ప్రాసెసర్ కూడా ఇన్‌పుట్, అవుట్‌పుట్ పనులు చూసుకుంటూ అందులోనే ఉంది. ఇవన్నీ ఒకదానికొకటి తాళం తప్పకుండా నడవాలి. సెకనుకు 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. మన దగ్గర వాడిన పాల్ పద్ధతిలో 50 ఫ్రేములు, అంటే 20 మిల్లీసెకన్లు. ఆ గడువు దాటితే ముందు సౌండ్ ముక్కలవుతుంది, తర్వాత బొమ్మ నెమ్మదిస్తుంది.

పనిని పన్నెండు కోర్లకు పంచేయొచ్చుగా అంటారా? ఒకే పెనం చుట్టూ పదిమంది వంటవాళ్లు నిలబడ్డంత మాత్రాన దోసె త్వరగా కాలదు. ఒక భాగం ఫలితం కోసం ఇంకో భాగం ఎదురుచూస్తూ ఉంటుంది కాబట్టి, బరువంతా రెండు మూడు థ్రెడ్ల మీదే పడుతుంది. అందుకే పాత సర్వర్ల నుంచి తీసిన 12 కోర్ల జియాన్ ఈ పనిలో నాలుగు కోర్ల కోర్ ఐ3-12100 ముందు నిలవలేదు. మీరు చూడాల్సింది సింగిల్ థ్రెడ్ వేగం, అంటే ఒక్క కోర్ ఒంటరిగా ఎంత పని చేయగలదన్నది. పీసీఎస్ఎక్స్2 ఎమ్యులేటర్ తయారీదారులు కూడా తమకు కావాల్సిన ప్రాసెసర్‌ను కోర్ల లెక్కతో సరిపెట్టకుండా పాస్‌మార్క్ సింగిల్ థ్రెడ్ స్కోరుతో చెబుతారు. గిగాహెర్ట్జ్ ఒక్కటే చూసినా మోసపోతాం. 2013 నాటి ఐ7కూ 2022 నాటి ఐ3కీ గిగాహెర్ట్జ్ దగ్గరదగ్గరగా ఉన్నా, ఒక్క టిక్కులో చేసే పనిలో చాలా తేడా ఉంది.

ముందు కన్సోల్, తర్వాత పెట్టె

‘అన్ని గేమ్‌లూ ఆడాలి’ అనుకుంటే బడ్జెట్‌కు అంతుండదు. ఎక్కడ ఆగాలో ముందే తేల్చుకోండి. ఎన్‌ఈఎస్, మెగాడ్రైవ్, మొదటి ప్లేస్టేషన్ వరకే అయితే దాదాపు ఏ పీసీ అయినా చాలు. పీఎస్‌పీ కూడా తేలికే. గేమ్‌క్యూబ్, వీ, ప్లేస్టేషన్ 2 దగ్గర అసలు పరీక్ష మొదలవుతుంది. ప్లేస్టేషన్ 3 మాటను ఈ బడ్జెట్‌లో మర్చిపోండి. దాని సెల్ ప్రాసెసర్‌ను అనుకరించే ఆర్‌పీసీఎస్3కి వేగమైన కోర్లూ కావాలి, ఎక్కువ కోర్లూ కావాలి.

ఇక పెట్టెల సంగతి. రాస్‌బెర్రీ పై 5 ముచ్చటగా ఉంటుంది, కరెంటు తక్కువ తాగుతుంది, హార్డ్‌వేర్ ప్రాజెక్టులకు దాన్ని మించింది లేదు. కానీ బోర్డు ధర చూసి మురిసిపోకండి. 5 ఆంపియర్ల అడాప్టర్, కూలర్, కేసు, మెమరీ కార్డు కలిపాక బిల్లు వేరేలా ఉంటుంది. పైగా పీసీఎస్ఎక్స్2ను ఎక్స్86 ప్రాసెసర్ల కోసం రాశారు, పైలో ఉన్నది ఆర్మ్. ప్లేస్టేషన్ 2 మీ లక్ష్యమైతే ఇది వద్దు.

2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100తో చేసిన మినీ పీసీలు కొత్తవి, వారంటీతో దొరుకుతాయి. నాలుగు కోర్లు, గరిష్ఠంగా 3.4 గిగాహెర్ట్జ్, 6 వాట్ల చిప్. అసలు రిజల్యూషన్‌లో చాలా ప్లేస్టేషన్ 2 గేమ్‌లను లాగేస్తుంది, బరువైన వాటి దగ్గర ఆయాసపడుతుంది. ఫ్యాన్ లేని మోడల్ మాత్రం తీసుకోకండి. మన మే నెల ఎండల్లో అరగంట ఆడేసరికి చిప్ వేడెక్కి, తన వేగాన్ని తానే తగ్గించేసుకుంటుంది.

నా ఓటు మూడోదానికి: ఆఫీసుల నుంచి బయటికొచ్చిన సెకండ్ హ్యాండ్ చిన్న డెస్క్‌టాప్‌లు. లెనోవో థింక్‌సెంటర్ టైనీ, డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ అని అడగండి. లావుపాటి పుస్తకమంత ఉంటాయి, ల్యాప్‌టాప్ తరహా అడాప్టర్‌తో నడుస్తాయి. ఎనిమిదో తరం కోర్ ఐ5-8500టీ ఉన్నది దొరికితే మంచిది: ఆరు కోర్లు, టర్బోలో 3.5 గిగాహెర్ట్జ్, 35 వాట్లు. అంతకన్నా పాతవి చవకే కానీ, ఆ తరాల ప్రాసెసర్లు విండోస్ 11 అధికారిక జాబితాలో దాదాపు లేవు. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. లైనక్స్ వాడతామంటే ఆ బెంగ లేదు. అదే తరం పెంటియమ్ గోల్డ్ ఇస్తామంటే మాత్రం వద్దనండి. ఎమ్యులేటర్లు బాగా వాడుకునే ఏవీఎక్స్2 ఆదేశాలు అందులో ఉండవు.

ర్యామ్ 16 జీబీ చాలు. అయితే ఒకే 16 స్టిక్ బదులు రెండు 8లు వేయించండి. ఇక్కడ గ్రాఫిక్స్ చిప్‌కు సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే పంచుకుంటుంది. రెండు చానళ్లుంటే దానికి దారి రెట్టింపవుతుంది.

షాపులో ఏం చూడాలి?

బటోసెరా అనే ఉచిత లైనక్స్‌ను ముందు రోజే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లండి. హార్డ్ డిస్కును ముట్టుకోకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది. దీనికి బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ ఆపాల్సి రావొచ్చు. అక్కడ పాస్‌వర్డ్ అడిగిందా, ఆ పీసీని అక్కడే వదిలేయండి. పాత కంపెనీ పెట్టిన బయోస్ పాస్‌వర్డ్ తీయించడం పెద్ద తలనొప్పి. పాస్‌వర్డ్ లేకపోతే ఇరవై నిమిషాలు ఆగకుండా నడిపి ఫ్యాన్ చప్పుడు వినండి, ఎస్‌ఎస్‌డీ ఆరోగ్యం చూపించమనండి. అడాప్టర్ ఆ కంపెనీదేనా, వాట్లు సరిపోతాయా అన్నదీ చూసుకోండి. కొన్నింటికి డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉంటుంది, టీవీకి కన్వర్టర్ ఖర్చు అదనం.

చట్టం సంగతి

ఎమ్యులేటర్ వేరు, గేమ్ ఫైలు వేరు. సోనీ, కనెక్టిక్స్ కేసులో 2000లో అమెరికా అప్పీల్ కోర్టు ఎమ్యులేటర్ తయారీకి చేసిన రివర్స్ ఇంజినీరింగ్‌ను తప్పు పట్టలేదు. కానీ 2024 మార్చిలో స్విచ్ ఎమ్యులేటర్ యుజు తయారీదారులు నింటెండోకు 24 లక్షల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుని దుకాణం మూసేశారు. ఊరూపేరూ లేని సైట్ల నుంచి గేమ్‌లు దించుకోవడం పైరసీయే. దారి ఉంది: మీ దగ్గరున్న ప్లేస్టేషన్ 2 డిస్కును మామూలు యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్‌తో ఐఎస్ఓగా మార్చుకోవచ్చు. పీసీఎస్ఎక్స్2 అడిగే బయోస్ ఫైలును మీ సొంత కన్సోల్ నుంచే తీసుకోవాలి. కన్సోల్ లేనివాళ్లకు ఔత్సాహికులు రాసి ఉచితంగా పంచే హోమ్‌బ్రూ గేమ్‌లు ఉన్నాయి.

రెజ్యూమెలోకి ఎలా?

‘గేమింగ్ పీసీ కట్టాను’ అంటే ఇంటర్వ్యూ చేసేవారు నవ్వి ఊరుకుంటారు. కొలిచి చూపిస్తే వింటారు. పీసీఎస్ఎక్స్2లో స్క్రీన్ మూలన ఈఈ, జీఎస్, జీపీయూ ఎంత శాతం వాడుకుంటున్నాయో చూపించే వీలుంది. గేమ్ నెమ్మదించిన చోట ఈఈ వంద దగ్గర ఉంటే తప్పు ప్రాసెసర్‌ది. రిజల్యూషన్‌ను రెండింతలు, మూడింతలు పెంచినప్పుడే వేగం పడిపోతే గ్రాఫిక్స్‌ది. ఒక ర్యామ్ స్టిక్‌తో ఒకసారి, రెండింటితో ఒకసారి ఇవే అంకెలు రాసుకుని పట్టిక వేయండి. ‘బాటిల్‌నెక్‌ను ఎలా కనిపెడతారు?’ అన్న ప్రశ్నకు మీ దగ్గర సొంత జవాబు ఉన్నట్టే.

కోడ్ రాసేవాళ్లు చిప్-8తో మొదలుపెట్టండి. 1970ల నాటి చిన్న వర్చువల్ యంత్రం: 35 ఆదేశాలు, 4 కేబీ మెమరీ, 16 రిజిస్టర్లు, 64×32 చుక్కల తెర. సీ లోనో పైథాన్‌లోనో కొన్ని వందల లైన్లలో అయిపోతుంది. పాయింటర్లు, బిట్ ఆపరేషన్లు, స్టాక్ అన్నీ చేతికొస్తాయి, దీనికి కొత్త పీసీ కూడా అక్కర్లేదు. అది పూర్తయ్యాక డాల్ఫిన్, పీసీఎస్ఎక్స్2 సోర్స్ కోడ్ గిట్‌హబ్‌లో తెరిచే ఉంది. రెండూ సీ++లోనే. అక్కడ నమోదైన బగ్‌లలో ఒకదాన్ని మీ బుల్లి పీసీ మీద మళ్లీ రప్పించి, ఏ ప్రాసెసర్ మీద, ఏ సెట్టింగ్‌తో వచ్చిందో వివరంగా రాసి పెట్టండి. ఆ లింకును రెజ్యూమెలో ప్రాజెక్టుల కింద ఇవ్వండి.