గృహములకు సౌరవిద్యుత్తు – వ్యయము, ఫలము

ఎండకు కొదువలేని దేశము మనది. హోసూరు, దెంకణికోట ప్రాంతముల మెట్టపొలములలోనేమి, బళ్లారి నల్లరేగడి నేలలలోనేమి, షోలాపురము, బరంపురము, యానాముల వీధులలోనేమి తరతరములుగా నివసించుచున్న మన తెలుగువారికి మిద్దెమీది యెండ వడియములను, మిరపకాయలను ఆరబెట్టుకొనుటకు పనికివచ్చునదిగనే చిరకాలము తెలియును. ఇప్పుడా యెండయే ఇంటిలో దీపమును వెలిగించి, పంకాను త్రిప్పు కాలము వచ్చినది. అమ్మకందారులు ఇంటింటికిని వచ్చి, మిద్దెపై సౌరఫలకములు పెట్టించుకొన్నచో ఇక కరెంటు బిల్లే యుండదని చెప్పుచున్నారు. ఆ మాట కొందరి విషయమున సత్యము. మరికొందరి విషయమున అది కష్టార్జితమును నీటిపాలు చేయు మాట. ఎవరికి ఏది వర్తించునో తెలిసికొనుటకు మార్గము చూపుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

నేను విద్యుచ్ఛాస్త్రమును చదివినవాడను కాను. హోసూరు ప్రాంతమున అల్పసంఖ్యాక భాషా పాఠశాలలో తెలుగు బోధించు ఉపాధ్యాయుడను. 2024లో మా యింటిపై రెండు కిలోవాట్ల సౌరఫలకములను పెట్టించుకొంటిని. దానికి సంబంధించిన కాగితములన్నియు తమిళమునందో, ఆంగ్లమునందో ఉండుటచేత, ఇరుగుపొరుగువారు తమకు వచ్చిన కాగితములను నాయొద్దకు తెచ్చి చదివించుకొనుట మొదలుపెట్టిరి. ఆ విధముగా నాకు తెలిసివచ్చిన సంగతులను క్రమముగా విన్నవించుచున్నాను.

సూర్యకాంతినుండి విద్యుత్తు పుట్టునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడైన బెకరెల్ 1839లో గుర్తించెను. ఉపయోగమునకు వచ్చు సిలికాన్ సౌరఘటము మాత్రము 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో తయారైనది. అది తనపై బడిన కాంతిలో నూటికి ఆరు పాళ్లను మాత్రమే విద్యుత్తుగా మార్చగలిగెను. నేటి ఫలకములు నూటికి ఇరువది పాళ్లకు పైగా మార్చుచున్నవి. ఫలకమునుండి వచ్చునది ఏకముఖ విద్యుత్తు. మన ఇండ్లలో వాడునది అట్టిది కాదు, క్షణక్షణమునకు దిశ మారుచుండు విద్యుత్తు. మొదటిదానిని రెండవదానిగా మార్చు పెట్టెకే ఇన్వర్టరని పేరు. ఫలకములు, వానిని మోయు ఇనుప చట్రము, ఇన్వర్టరు, తీగలు, భూమిలోనికి దింపు ఎర్తింగు, పిడుగునుండి కాపాడు సాధనము, రెండు దిశలను లెక్కించు మీటరు: ఇవియే దీని అంగములు.

ఒక కిలోవాటు శక్తిగల ఫలకములు దక్షిణదేశమున సగటున దినమునకు నాలుగు యూనిట్లు ఇచ్చును. వానకాలమున తగ్గును, వేసవిలో కొంత పెరుగును. కిలోవాటునకు సుమారు నూరు చదరపుటడుగుల చోటు కావలెను. ఆ చోటుపై కొబ్బరిచెట్టు నీడగాని, ప్రక్కయింటి గోడ నీడగాని, నీళ్లతొట్టి నీడగాని పడరాదు. ఫలకములు దక్షిణముఖముగా వాలియుండవలెను. ఎంత వాలు అనగా, ఆ ఊరి అక్షాంశమునకు దాదాపు సమముగా నుండిన చాలును. హోసూరునకు అది పదమూడు డిగ్రీలకు దగ్గర.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలసియున్నది. మిద్దెపై ఫలకములున్నచో ఊరంతయు చీకటిలో మునిగినప్పుడు తమ యింట మాత్రము దీపము వెలుగునని అనేకులు తలంచుచున్నారు. బ్యాటరీ లేక విద్యుత్ సంస్థ తీగతో కలిపిన ఏర్పాటు, వీధిలో కరెంటు పోయినప్పుడు తానును ఆగిపోవును. ఇది లోపము కాదు. వీధిలో తీగను బాగుచేయు కార్మికునికి మన యింటినుండి వెళ్లు విద్యుత్తువలన ప్రాణాపాయము కలుగకుండుటకై చేసిన ఏర్పాటు. కోతవేళలందును వెలుగు కావలెననినచో బ్యాటరీతో కూడినదానిని కొనవలెను. దానికి వ్యయము చాల హెచ్చు, బ్యాటరీలను కొన్ని యేండ్లకు మార్చవలసియు నుండును. కరెంటు తరచుగా పోని ఊళ్లలో బ్యాటరీ లేని ఏర్పాటే మేలు.

ఇక వెల విషయము. కేంద్ర ప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ ముఫ్త్ బిజ్లీ యోజనను ప్రారంభించెను. ఒక కోటి ఇండ్లకు సౌరవిద్యుత్తు నందించుట దాని లక్ష్యము. దాని క్రింద మొదటి రెండు కిలోవాట్లకు, ఒక్కొక్కదానికి 50,000 రూపాయలు ప్రమాణ వ్యయమనియు, మూడవ కిలోవాటునకు 45,000 అనియు నిర్ణయించి, మొదటి రెంటికి కిలోవాటునకు 30,000 చొప్పునను, మూడవదానికి 18,000 చొప్పునను సహాయధనము ప్రకటించిరి. అనగా ఒక కిలోవాటునకు 30,000, రెంటికి 60,000, మూటికిని అంతకు మించినవానికిని 78,000 రూపాయలు. బజారులో వెలలు ఆ ప్రమాణముకంటె హెచ్చుగనే యుండును. నాకు రెండు కిలోవాట్లకు 1,30,000 చెప్పిరి. మూటికి 1,75,000 చెప్పిరి. 2025 సెప్టెంబరు 22 నుండి సౌరపరికరములపై జి.ఎస్.టి. నూటికి పండ్రెండునుండి అయిదునకు తగ్గినది. కావున అంతకు పూర్వపు వెలల పట్టికను చూపువారిని ఈ సంగతి అడుగవలెను.

సహాయధనము ముందుగా చేతికి రాదని గుర్తుంచుకొనవలెను. పని పూర్తియై, విద్యుత్ సంస్థవారు పరీక్షించి మీటరు పెట్టిన పిదపనే అది గృహస్థుని బ్యాంకు ఖాతాలో పడును. స్వదేశమున తయారైన ఘటములతో, స్వదేశముననే కూర్చిన ఫలకములకు మాత్రమే అది లభించును. చౌకగా వచ్చునని విదేశీ ఫలకములు కొన్నవారికి ఆ సహాయము లేదు.

ఫలకముల వెల తెలిసినంతమాత్రమున అవి లాభమో నష్టమో తెలియదు. అది తెలియవలెనన్న కరెంటు బిల్లును చదువవలెను. తమిళనాట బిల్లు రెండు మాసముల కొకమారు వచ్చును. 2016 నుండి ప్రతి గృహమునకును అందులో మొదటి నూరు యూనిట్లు ఉచితము. పిమ్మట ధర మెట్లుమెట్లుగా పెరుగును. 2022 సెప్టెంబరు పట్టిక ననుసరించి, మొత్తము వాడుక అయిదువందల యూనిట్లకు లోబడినవారికి 101 నుండి 200 వరకు యూనిట్టు 2.25, 400 వరకు 4.50, 500 వరకు 6 రూపాయలు. అయిదువందలు దాటినవారికి 2.25 రూపాయల మెట్టు పోయి, 101 నుండియే 4.50 పడును. 500 పైన మొదటి నూరు యూనిట్లకు ఒక్కొక్కటి 8 రూపాయలగును. 2024 జూలైలో ధరలు కొంత పెరిగినవిగాని మెట్ల పద్ధతి నిలిచియే యున్నది. లెక్కకు సులువుగా నుండుటకై 2022 ధరలనే తీసికొనుచున్నాను.

మా యింట రెండు మాసములకు ఆరువందల యూనిట్లు ఖర్చగుచుండెను. నూరు పోగా మూడువందలకు 1,350, నూటికి 600, చివరి నూటికి 800, వెరసి 2,750 రూపాయలు. రెండు కిలోవాట్ల ఫలకములు రెండు మాసములలో 480 యూనిట్లు ఇచ్చును. విద్యుత్ సంస్థనుండి నికరముగా మేము తీసికొనునవి 120 మాత్రమే. అందులో నూరు ఉచితము, మిగిలిన ఇరువదికి 45 రూపాయలు. కావున రెండు మాసములకు మిగులునది 2,705 రూపాయలు, సంవత్సరమునకు 16,230. సహాయధనము పోగా నాకు పడిన వ్యయము 70,000. ఇతరమైన చిన్న రుసుములను విడిచినచో, నాలుగేండ్ల నాలుగు మాసములలో సొమ్ము తిరిగివచ్చును. ఫలకములు ఇరువదియైదేండ్లు పనిచేయునని తయారీదారులు హామీ యిచ్చుచున్నారు. ఇన్వర్టరును మాత్రము పదియేండ్ల ప్రాంతమున మార్చవలసివచ్చును. ఆ వ్యయమును కలుపుకొన్నను ఇది లాభమే.

అమ్మకందారు నన్ను మూడు కిలోవాట్లు కొనుడని బలవంతపెట్టెను. సహాయధనము పోగా 97,000 అగుచున్నది గదా, ఇంకొక్క 27,000 వేసినచో బిల్లు సున్నయగునని ఆయన వాదము. మాట నిజమే. కాని ఆ 27,000 వలన నాకు అదనముగా మిగులునది రెండు మాసములకు 45 రూపాయలు, అనగా సంవత్సరమునకు 270. ఆ సొమ్ము తిరిగివచ్చుటకు నూరేండ్లు కావలెను! మిగిలిన యూనిట్లు సంస్థకు పోవును గదా యని కొందరడుగవచ్చును. వానికి లెక్కగట్టు విధము ఆయా రాష్ట్రముల విద్యుత్ నియంత్రణ మండలి నియమములనుబట్టి యుండును. మనము కొను ధరకే వారును కొందురని తలంచి ఎక్కువ ఫలకములు పెట్టించుట తగదు. ఉచిత యూనిట్లను ముందుగా తీసివేసి, మిగిలినదానికి సరిపడునంత కొనుటయే సూత్రము.

ఈ సూత్రము తెలియకున్న నష్టమెట్టిదో మా వీధిలోనే చూచితిని. ఒంటరిగా నుండు అవ్వయొకతె ఒక కాగితమును తెచ్చి, "అయ్యవారూ, దీంట్లో ఏం రాసినారో చదివి చెప్పు నాయనా, రేపు దుడ్డు కట్టాలంట" అనెను. అది ఒక కిలోవాటు ఫలకములకు ఒప్పందపత్రము. వెల 70,000. సహాయధనము పోగా 40,000. బంగారు గాజులు కుదువబెట్టుటకు ఆమె సిద్ధపడియుండెను. నేను ఆమె కరెంటు బిల్లును తెప్పించి చూచితిని. రెండు మాసములకు 160 యూనిట్లు. నూరు ఉచితము, అరువదికి 135 రూపాయలు. ఏడాదికి 810. ఆ సొమ్ము వచ్చుటకు దాదాపు ఏబదియేండ్లు పట్టునని చెప్పగా, ఆమె కొంతసేపు మాటాడక, "అంతకాలం నేనుంటానా నాయనా" అని నవ్వి, కాగితమును మడిచి నడుమున దోపుకొని వెళ్లిపోయెను. గాజులు ఆమె చేతులకే యున్నవి.

ఇతర రాష్ట్రములందలి మనవారును ఇట్లే లెక్క చూచుకొనవలెను. కర్ణాటకమున 2023లో ప్రారంభమైన గృహజ్యోతి పథకము క్రింద, 2022–23 నాటి సగటు వాడుకకు కొంత కలిపి, 200 యూనిట్లకు మించకుండ నెలకు ఉచితముగా ఇచ్చుచున్నారు. ఆ పరిమితిలో సున్న బిల్లు వచ్చు బళ్లారి గృహస్థునికి ఫలకములవలన ఆదా యేమియు లేదు. పరిమితిని దాటి వాడు పెద్ద కుటుంబములకు మాత్రమే అది విచారింపదగిన విషయము. సముద్రతీరమున నున్నవారికి వేరొక చింత. 1996 నవంబరు తుపానును ఎరిగిన యానామువారికిని, 2013 అక్టోబరు 12న గోపాలపురమువద్ద తీరము దాటిన ఫైలిన్ గాలివానను చూచిన గంజాము జిల్లావారికిని చట్రము ఎంత గట్టిగా నుండవలెనో వేరుగ చెప్పనక్కరలేదు. అచ్చట తుత్తునాగపు పూత చక్కగా పట్టిన ఇనుమునే వాడించి, దానిని మిద్దె కాంక్రీటులో బోల్టులతో బిగింపవలెను. ఉప్పుగాలికి తుప్పుపట్టు సన్నని చట్రము చౌకగా వచ్చినను వలదు.

మనవారికి ప్రత్యేకముగా వచ్చు చిక్కు ఒకటి కలదు. అది పేర్ల చిక్కు. దరఖాస్తు విద్యుత్ కనెక్షను ఎవరి పేరనున్నదో వారి పేరనే పెట్టవలెను. మన ఇండ్లలో అనేకము తాతగారి పేరననే నడచుచుండును. అంతేకాక మనకు ఇంటిపేరు ముందుండును. తమిళనాట తండ్రి పేరులోని మొదటి అక్షరము ముందు చేరును. అందుచేత ఒకే మనిషి కరెంటు బిల్లునందొక విధముగను, ఆధారు కార్డునందొక విధముగను, బ్యాంకు పుస్తకమునందు ఇంకొక విధముగను కనబడును. మా యింటి సహాయధనము ఈ కారణముననే కొన్ని వారములు ఆలస్యమైనది. కావున కొనుటకు పూర్వమే కనెక్షను పేరు మార్పించుకొని, మూడింటిలోను పేరు ఒకే తీరుగ నుండునట్లు సరిచేసికొనవలెను.

ఒప్పందముపై సంతకము చేయుటకు ముందు అడుగదగిన ప్రశ్నలు కొన్ని కలవు. అమ్మకందారు ప్రభుత్వమువారి జాబితాలో నమోదైనవాడా? చెప్పిన వెలలో మీటరు, ఎర్తింగు, పిడుగుసాధనము చేరినవా? పథకము ననుసరించి అయిదేండ్ల మరమ్మతు బాధ్యత కాగితముపై వ్రాసినాడా? ఫలకములయు, ఇన్వర్టరుయొక్కయు హామీపత్రములు మన పేర నిచ్చునా? వీనికి నోటిమాట సమాధానము కాదు. మూడు కిలోవాట్ల వరకు తనఖా లేకయే ప్రభుత్వ బ్యాంకులు ఋణమిచ్చుచుండగా, ఎక్కువ వడ్డీకి బయట అప్పుచేయుటయు అనవసరము. పెట్టించిన తరువాత చేయవలసిన పని స్వల్పము. పదిపదునైదు దినముల కొకమారు ఉదయమున చల్లబడిన ఫలకములను మంచినీటితో, మెత్తని బట్టతో తుడిచిన చాలును.

మా పాఠశాలలో ఈ సంవత్సరము తొమ్మిదవ తరగతి పిల్లలచేత తమ తమ ఇండ్ల కరెంటు బిల్లులను తెప్పించి, వానిని తెలుగులో వ్రాయించి, పై లెక్కను వేయించితిని. ముప్పదియిద్దరిలో తొమ్మండుగురి ఇండ్లకు మాత్రమే ఫలకములు లాభకరమని తేలినది. ఆ పిల్లలు ఇంటికి పోయి తల్లిదండ్రులకు ఆ సంగతి తెలుగుననే చెప్పిరి. పరభాషా ప్రాంతమున నున్న మనకు మాతృభాష పద్యములకును, పండుగలకును మాత్రమే గాక, ఇంటి సొమ్మును కాపాడుకొనుటకును అక్కరకు వచ్చునని వారికి ఆనాడు తెలిసినది. మన సంఘములు ఆయా ఊళ్ల విద్యుత్ ధరల పట్టికను, ఒప్పందపత్రపు నమూనాను తెలుగులో అచ్చువేయించి పంచిపెట్టినచో, మరి యే అవ్వయు గాజులు కుదువబెట్టుటకు బయలుదేరకుండును. సంఘపెద్దలు ఈ పనిని పూనుకొందురని ఆశించుచున్నాను.