నచికేతుడు అడిగిన ప్రశ్న

సంచికకు వ్యాసం కావాలని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, కెమిస్ట్రీ చదువుకునేవాణ్ణి, శాస్త్రాల గురించి నేనేం రాస్తానని తప్పించుకోబోయాను. కాని రెండేళ్ళుగా నన్ను వదలని ఒక సందేహం ఉంది. నా తోటివారికి కూడా అది ఎప్పుడో ఒకప్పుడు కలిగే ఉంటుందని ఈ సాహసం చేస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

రెండేళ్ళ క్రితం మా నాన్నగారు పోయారు. ఆ పదిరోజులూ సాయంత్రం పూట మా ఇంట్లో గరుడ పురాణం చదివించారు. యమలోక మార్గంలోని బాధల వర్ణన వింటూ అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకునేది. మూడోనాడు ఉండబట్టలేక, "ఇదంతా నిజమేనా? నాన్న ఇప్పుడు ఎక్కడున్నట్టు?" అని అడిగేశాను. బంధువుల్లో పెద్దాయన ఒకరు కసిరారు. "శాస్త్రాన్ని ప్రశ్నించకూడదురా, కళ్ళు పోతాయి!"

నోరు మూసుకున్నాను. కాని కాలేజీకి తిరిగొచ్చాక, ప్రశ్నించవద్దని శాస్త్రం నిజంగా అన్నదా అని లైబ్రరీలో తెలుగు తాత్పర్యాలున్న పుస్తకాలు తిరగేయడం మొదలుపెట్టాను.

మొదట తెలుసుకున్నదేమిటంటే, శాస్త్రమంటే ఒక్క పుస్తకం కాదు. శ్రుతి, స్మృతి అని అది రెండు విధాలు. శ్రుతి అంటే వేదం. వేదాలు నాలుగు; ఒక్క ఋగ్వేదంలోనే 10 మండలాలు, 1028 సూక్తాలు ఉన్నాయి. మంత్రాల సంహితలు, యజ్ఞాలను వివరించే బ్రాహ్మణాలు, ఆరణ్యకాలు, తత్త్వవిచారం చేసే ఉపనిషత్తులు - ఇవన్నీ కలిస్తే వేదం. ధర్మశాస్త్రాలు, రామాయణ భారతాలు, పురాణాలు స్మృతి కిందికి వస్తాయి. రెండింటికీ విరోధం వస్తే శ్రుతికే ప్రాధాన్యమని మీమాంసకులు తేల్చారు.

మరి ఆ శ్రుతిలో ఏముంది? చూడబోతే ఎక్కడికక్కడ ప్రశ్నలే! ఋగ్వేదం పదో మండలంలోని నాసదీయ సూక్తం, ఈ సృష్టి ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగి, పైనుండి చూసేవాడికైనా అది తెలుసో తెలియదో అని ముగుస్తుంది. బృహదారణ్యకంలో గార్గి నిండు సభలో యాజ్ఞవల్క్యుణ్ణి ప్రశ్న మీద ప్రశ్న అడుగుతుంది. ఇంకా అడిగితే నీ తల రాలిపోతుందని ఆయన హెచ్చరిస్తాడు. మా పెద్దాయన కసురుడు నాకు గుర్తొచ్చింది! కాని గార్గి అంతటితో ఊరుకోలేదు. కాస్సేపాగి, మళ్ళీ లేచి, మరి రెండు ప్రశ్నలు సంధించింది. యాజ్ఞవల్క్యుడు ఈసారి తల మాట ఎత్తకుండా జవాబు చెప్పాడు. ఛాందోగ్యంలో సత్యకాముడు తన గోత్రమేదో తన తల్లికే తెలియదని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ నిజాయితీ చూసే గురువు అతణ్ణి శిష్యుడిగా చేర్చుకున్నాడు. ఇలాంటి కథలున్న వేదాన్నే తరవాతి కాలంలో స్త్రీలకూ శూద్రులకూ అందకుండా తలుపులు మూశారంటే, ఆ లోపం ప్రశ్నించినవారిది కాదు గదా!

అన్నింటికంటే నన్ను పట్టి నిలిపింది కృష్ణ యజుర్వేదానికి చెందిన కఠోపనిషత్తు. తండ్రి యజ్ఞంలో వట్టిపోయిన ముసలి ఆవుల్ని దానమిస్తుంటే నచికేతుడనే కుర్రవాడికి మనసొప్పలేదు. "నన్నెవరికిస్తావు?" అని మూడుసార్లు అడిగాడు. తండ్రి కోపంతో మృత్యువుకిస్తానన్నాడు. కుర్రవాడు యముడి ఇంటికి వెళ్ళి, ఆయన లేకపోతే, తిండి లేకుండా మూడు రాత్రులు కాచుకున్నాడు. అందుకు యముడు మూడు వరాలిచ్చాడు. రెండో వరంగా స్వర్గానికి చేర్చే అగ్నివిద్య అడిగాడు. మూడోది, మరణించాక మనిషి ఉన్నాడా, లేడా అన్న ప్రశ్న. అది తప్ప ఇంకేమైనా అడగమని యముడు ఏనుగులు, బంగారం, రాజ్యం, దీర్ఘాయువు ఆశ చూపాడు. కుర్రవాడు వినలేదు. అప్పుడు యముడు కోపగించుకోకపోగా, నీవంటి ప్రశ్నించేవాడే మాకు కావాలని మెచ్చుకున్నాడు!

తరవాత చెప్పినదే ఆ ఉపనిషత్తు సారం. మనిషి ముందు రెండు దారులుంటాయి: మేలు చేసే శ్రేయస్సు ఒకటి, ఇంపుగా కనిపించే ప్రేయస్సు ఒకటి. వివేకి మొదటిది ఎంచుకుంటాడు. శరీరం రథం, బుద్ధి సారథి, మనస్సు కళ్ళెం, ఇంద్రియాలు గుర్రాలు, ఆత్మ రథంలో కూర్చున్నవాడు. శరీరం పోయినా ఆత్మ పోదు. ఇది లేబొరేటరీలో తేలే విషయం కాదని నాకు తెలుసు. అందుచేత నా సందేహం పూర్తిగా తీరిందని బొంకను. కాని సందేహపడడం అపచారమన్న భయం మాత్రం తీరింది.

భగవద్గీత సంగతీ అంతే. 18 అధ్యాయాల బోధ అంతా అర్జునుడి సందేహాల వల్ల పుట్టిందే. చిట్టచివర కృష్ణుడు, ఇదంతా బాగా ఆలోచించుకొని నీ ఇష్టప్రకారం చెయ్యమని అతనికే వదిలేశాడు. ఇంకో చిత్రం చెప్పాలి. మా ఇంట్లో చదివిన ఆ గరుడ పురాణం కూడా, గరుత్మంతుడు అడిగితే విష్ణుమూర్తి చెప్పిన జవాబులే! అడిగిన గరుత్మంతుడికి కళ్ళు పోలేదు.

నాన్నగారి సంవత్సరీకానికి వెళ్ళినప్పుడు నచికేతుడి కథ అమ్మకు తెలుగులో చెప్పాను. అంతా విని, "ఇంతకీ ఆ పిల్లాడి మీద వాళ్ళ నాన్నకు కోపం పోయిందా?" అని అడిగింది. నా గుండె ఒక్క క్షణం ఆగినట్టయింది. నాన్నతో ఫోనులో నేను చివరిసారి మాట్లాడింది కోపంగానే. ఆ సంగతి అమ్మకు తెలుసు.

"పోయిందమ్మా," అన్నాను. "అతను కోరిన మొదటి వరం అదే. తిరిగి వెళ్ళేసరికి నాన్న మనసు చల్లబడాలనీ, తనను ఆదరంగా పలకరించాలనీ అడిగాడు."

అమ్మ నా తల మీద చెయ్యి వేసింది.

మిత్రులారా, మన శాస్త్రాల్ని మొక్కి అటక మీద పెట్టినా, చదవకుండా వెక్కిరించినా నష్టపోయేది మనమే. వాటిని తెరిచి చదువుదాం, అడుగుదాం. అడిగేవాడి కోసమే అవి పుట్టాయి.