అనంతపురంలో వాన ఎందుకు తక్కువ?

“మా ఊరికేం పాపం తగిలిందో గానీ, పక్కనున్న కన్నడ సీమలో వరదలంటారు, మాకు మాత్రం మబ్బు నెత్తిమీదుగా ఎల్లిపోతుంది.” అనంతపురం పల్లెల్లో ఏ రచ్చకట్ట దగ్గర కూర్చున్నా ఇలాంటి మాట వినిపిస్తుంది. వాన రాని ఏడు కప్పను రోకలికి కట్టి ఇంటింటికీ తిప్పుతారు. విరాటపర్వం చదివిస్తారు. కడుపు మాడే మనిషి ఏ దారి కనిపిస్తే ఆ దారి పడతాడు, అందుకు వాళ్లను మేము తప్పు పట్టం. కానీ వాన రాకపోవడం పాపం వల్ల కాదు, విధి వల్ల అంతకన్నా కాదు. దానికి కారణం నేల మీదనే ఉంది, పటంలో వేలు పెట్టి చూపించవచ్చు. ఆ కారణం తెలిస్తే, ఏది ప్రకృతి చేసిందో ఏది మనిషి చేసిందో విడదీసి చూడగలుగుతాం. రైతుకూలీకి ఈ తెలివిడి అవసరం.

కొండ అవతల జలధార, ఇవతల దుమ్ము

జూన్ మొదట్లో నైరుతి గాలి అరేబియా సముద్రం మీద నీటి ఆవిరి నింపుకొని కేరళ, కర్ణాటక తీరాలకు వస్తుంది. తీరం వెంబడి గోడ కట్టినట్టు పడమటి కనుమలు నిలబడి ఉన్నాయి. గాలికి ఆ గోడను ఎక్కక తప్పదు. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది. చల్లబడిన గాలి అంత ఆవిరిని మోయలేదు. అన్నం ఉడికే కుండ మూతకు నీటిబొట్లు పట్టినట్టే, ఆవిరి బొట్లు కట్టి వానై కురుస్తుంది. కనుమల్లోని ఆగుంబెలో ఏడాదికి సగటున 7000 మిల్లీమీటర్లకు పైగా వాన పడేది ఇందుకే.

బరువు దించుకున్న గాలి కొండ దాటి తూర్పుకు దిగుతుంది. దిగేటప్పుడు వేడెక్కుతుంది. వేడెక్కిన గాలి మబ్బు కట్టదు, ఉన్న మబ్బునూ కరిగిస్తుంది. బళ్లారి, చిత్రదుర్గం, అనంతపురం ఆ దిగువ గాలి దారిలో ఉన్నాయి. పుస్తకాల్లో దీన్ని వర్షచ్ఛాయా ప్రాంతం అంటారు, అంటే వానకు చాటున పడిన నేల అని. ఆగుంబె నుంచి అనంతపురం సూటిగా కొలిస్తే 300 కిలోమీటర్లు ఉంటుందేమో. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వాన మాత్రం 550 మిల్లీమీటర్లు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి.

ముంగారు సేద్యం వేళ ఇక్కడ గాలి మాత్రం ఉద్ధృతంగా వీస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలను తిప్పేది ఆ గాలే. గాలికి కరువు లేదు, అందులో తడికే కరువు.

రెండో వాన కూడా దూరమే

అక్టోబరు వచ్చేసరికి గాలి దిశ మారుతుంది. ఈశాన్య గాలి బంగాళాఖాతం మీదుగా నెల్లూరు, తమిళనాడు తీరాలను తాకుతుంది. నెల్లూరుకు ఏడాది వానలో ఎక్కువ భాగం ఈ మూడు నెలల్లోనే పడుతుంది. కానీ తీరం నుంచి లోపలికి వచ్చేకొద్దీ తడి తగ్గుతుంది. దారిలో వెలికొండలు, పాలకొండలు, శేషాచలం కొండలు కొంత దించుకుంటాయి. చివరకు మిగిలింది అనంతపురానికి చేరుతుంది. నైరుతిలో సుమారు 340, ఈశాన్యంలో సుమారు 155 మిల్లీమీటర్లు, మిగతాది వేసవి జల్లులు – ఇదీ ఈ జిల్లా లెక్క. పడమటి సముద్రానికి కొండ అడ్డం, తూర్పు సముద్రానికి దూరం అడ్డం.

తెలుగు నేలంతా ఇలాగే ఉందా అంటే, లేదు. జూలై, ఆగస్టుల్లో బంగాళాఖాతం ఉత్తర భాగంలో పుట్టే వాయుగుండాలు ఒడిశా మీదుగా వాయవ్యానికి సాగుతాయి. ఆ దారికి దగ్గరగా ఉండటం వల్ల శ్రీకాకుళం, ఆదిలాబాదు, గోదావరి పరీవాహకం తడుస్తాయి. ఆ రెండు పాత జిల్లాల సగటు వాన అనంతపురానికి ఇంచుమించు రెట్టింపు. ఆ దారికి దక్షిణాన, కనుమల చాటున పడిన మహబూబ్‌నగర్‌ది వేరే కథ. పాలమూరు లేబరు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టింది, సొంత ఊళ్లో మాత్రం తాగునీటికి కటకటలాడింది. కృష్ణా డెల్టా వాళ్లకు ఇంకో రకం ముప్పు ఉంది. పల్లపు తీరం, లోతు తక్కువ సముద్రం కలిసిన చోట తుపాను ఉప్పెనగా మారుతుంది. 1977 నవంబరు 19న దివిసీమలో అదే జరిగింది, వేలమంది ప్రాణాలు పోయాయి. చచ్చినవాళ్లలో ఎక్కువమంది గుడిసెల్లో ఉండే పేదలే.

మఖలో పుట్టి పుబ్బలో పోయే పంట

మొత్తం ఎంత పడింది అన్నదే చూస్తే సేద్యం అర్థం కాదు, ఎప్పుడు పడింది అన్నది చూడాలి. అనంతపురంలో ఎక్కువ భాగం లోతులేని ఎర్రనేల. ఆ నేల తడిని ఎక్కువ రోజులు దాచుకోలేదు. తొలకరికి నాలుగు చినుకులు పడగానే అప్పు తెచ్చి చెనక్కాయ విత్తుతారు. మొలక బాగానే వస్తుంది. ఊడలు దిగే వేళకు మూడు వారాలు వాన మొహం చాటేస్తే చాలు, చెట్టు పచ్చగానే ఉంటుంది గానీ కింద కాయ ఉండదు. ఏడాది చివర లెక్క తీస్తే “సగటు వర్షపాతం నమోదైంది” అని కాగితం మీద రాస్తారు. సగటు కడుపు నింపుతుందా?

ఈమధ్య ఇంకో మార్పు కూడా చూస్తున్నాం. ప్రపంచమంతా భూమి వేడెక్కుతోంది. వేడి గాలి ఎక్కువ ఆవిరిని మోస్తుంది, కురిస్తే కుండపోతగా కురుస్తుంది. 2021 నవంబరులో సీమలో వరదలొచ్చి, 19వ తేదీన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి ఊళ్లకు ఊళ్లు మునిగాయి. 2022 అక్టోబరులో అనంతపురం పట్టణంలోనే కాలనీలు నీట మునిగాయి. కరువు నేలకు వరద రావడం వింత కాదు. పాడుబడిన చెరువులు, ఆక్రమణల్లో పోయిన వంకలు నీటిని పట్టి ఉంచలేకపోతే, ఒక నెల వరద, పది నెలల కరువు – రెండూ మనకే.

కరువు ఆకాశం నుంచి, ఆకలి ఆఫీసు నుంచి

వాన తగ్గడం భూగోళం పని. జనం చావడం మాత్రం భూగోళం పని కాదు. 1876లో రెండు రుతుపవనాలూ మోసం చేశాయి. 1878 దాకా సాగిన ఆ కరువులో, అప్పటికి బళ్లారి జిల్లాలో ఉన్న ఈ ప్రాంతంతో పాటు కడప, కర్నూలు పల్లెలు శ్మశానాలయ్యాయి. ఆ రోజుల్లోనూ దేశం నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. వైస్రాయి లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ 1877లో మద్రాసు రాజధానికి వచ్చి కరువు పనుల కూలి తగ్గించాడు. రోజంతా రాళ్లు కొట్టే మగవాడికి ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి చిల్లర. అంటే అరకిలో కన్నా తక్కువ. ఈ తిండితో పనిచేస్తే మనిషి బతకడని రాజధాని ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా వాదించాడు. ఆ కూలిని కొన్ని నెలలకే సవరించాల్సి వచ్చింది, కానీ ఆలోగా పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు. మద్రాసు రాజధానిలో లక్షలాదిమంది చనిపోయారు. మబ్బు కురవకపోవడం ఒక ఎత్తు, కూలి కోయడం ఇంకో ఎత్తు.

ఈనాటి పరిస్థితినే చూడండి. పంట పోతే పెట్టుబడి రాయితీ, బీమా అని కొంత పరిహారం ప్రకటిస్తారు. అది పట్టా ఉన్నవాడి పేరున వస్తుంది. దున్నింది కౌలుదారైతే అతని చేతికి రావడం గగనం. 2019 నాటి కౌలు చట్టం సాగుదారు పత్రానికి భూయజమాని ఒప్పుదల అడిగింది. భూమి పోతుందేమోనన్న భయంతో ఎంతమంది యజమానులు సంతకం పెడతారు? ఇక కూలీ సంగతి ఎవరూ ఎత్తరు. కలుపు పని పోయింది, చెనక్కాయ పీకే పని పోయింది, కాయ వలిచే పని పోయింది. ఆ పోయిన పనిదినాలకు ఏ రిజిస్టరులోనూ గడి లేదు. అందుకే వాన తప్పిన ఏడు ఊళ్లో ముసలివాళ్లు, పిల్లలు మిగులుతారు. మిగతావాళ్లు మూటాముల్లె సర్దుకుని బెంగుళూరు, కేరళ బస్సులెక్కుతారు.

కొండ ఆపిన వానను నది తెస్తుంది

ఇక్కడ అసలు విషయం ఒకటి గమనించాలి. పడమటి కనుమలు ఆపిన వాన అంతా అక్కడే ఉండిపోదు. తుంగ, భద్ర, కృష్ణ ఆ కనుమల్లోనే పుట్టి తూర్పుకు పారుతున్నాయి. అంటే కొండ మనకు దక్కకుండా చేసిన నీళ్లు నదిగా మన పక్కనుంచే పోతున్నాయి. ఆ నీళ్లు ఎవరి పొలానికి మళ్లాలన్నది ప్రకృతి నిర్ణయించదు, పాలకులు నిర్ణయిస్తారు.

1937 నవంబరులో శ్రీబాగ్ ఒడంబడికలో తుంగభద్ర, కృష్ణ, పెన్నా నీళ్లలో రాయలసీమ అవసరాలకు ముందు చోటు ఇస్తామని పెద్దలు రాసుకున్నారు. 1953లో తుంగభద్ర డ్యాం నిండింది. ఎగువ కాలువ ద్వారా మన వాటా 32.5 టీఎంసీలన్నారు. 133 టీఎంసీలు పట్టే జలాశయం పూడిక చేరి 105కు అటూ ఇటూ పడిపోయింది, ఆ మేరకు కాలువ చివరి భూములు ఎండాయి. 2024 ఆగస్టులో దాని 19వ గేటు కొట్టుకుపోయి విలువైన నీరు వృథాగా దిగువకు పోయింది. శ్రీశైలం వెనుక జలాల నుంచి 40 టీఎంసీలు ఎత్తి 6 లక్షల ఎకరాలు తడుపుతామన్న హంద్రీ-నీవా కాలువలో 2012 నుంచి నీళ్లు పారుతున్నాయి. పెద్ద కాలువ ఊరి పక్కనుంచి పోయినా, పిల్లకాలువలు పూర్తికాక ఆ నీళ్లు ఏళ్ల తరబడి చేలకెక్కలేదు. కాలువ గట్టున నిలబడి నీళ్లను చూసి రావడమే పేద రైతుకు దక్కింది. డబ్బున్నవాడు వెయ్యి అడుగుల బోరు వేస్తాడు. లేనివాడి పాత బావి ఆ దెబ్బకు ఎండుతుంది.

ఏం అడగాలి?

పడమటి కనుమలను ఎవరూ జరపలేరు. కానీ పిల్లకాలువ తవ్వించవచ్చు, చెరువు పూడిక తీయించవచ్చు. ఈ నేలలో పూర్వులు చెరువులు ఎందుకు తవ్వారో పై లెక్క చూస్తే తెలుస్తుంది: కురిసే నాలుగు వానలను పట్టి దాచుకోవడానికి. ఆ పని చేసే చేతులు ఈ జిల్లాలో పని లేక ఖాళీగా ఉన్నాయి. గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది కూడా ఇదే జిల్లా బండ్లపల్లిలో. పథకాల పేర్లు, చట్టాలు మారొచ్చు. అడిగిన ప్రతి చేతికీ పని, చేసిన పనికి పక్షం లోగా కూలి అన్న కోరిక మారదు.

మేము చెప్పేదేమంటే: కరువు మండలం ప్రకటించిన రోజే అదనపు పనిదినాలు ఇవ్వాలి. పరిహారం పట్టాను చూసి కాక సాగును చూసి ఇవ్వాలి, కూలీ కోల్పోయిన దినాలనూ అందులో లెక్క కట్టాలి. ఒక చేలో వాన పడి పక్క చేలో పడని నేల ఇది, కాబట్టి వానమాపకం ప్రతి పంచాయతీలో ఉండాలి. కొర్ర, జొన్న, సజ్జ, కంది వేసే రైతుకు గిట్టుబాటు ధర చూపిస్తేనే ఒక్క చెనక్కాయ మీదే బతుకు పందెం కాసే గతి తప్పుతుంది.

ఈసారి ఊళ్లో సంఘం కూర్చున్నప్పుడు ఒక పటం తెచ్చి గోడకు తగిలించండి. గాలి ఎటునుంచి వస్తుందో, కొండ ఎక్కడుందో, నది ఎటు పోతుందో పిల్లలకూ పెద్దలకూ చూపించండి. వాన పడకపోతే ఆకాశాన్ని అడిగి లాభం లేదు. నీళ్లు రాకపోతే మాత్రం అడగాల్సినవాళ్లు మండలాఫీసులోనూ రాజధానిలోనూ ఉన్నారు.