విప్పి మళ్ళీ కట్టిన ఇల్లు

ఒక చోట కట్టిన ఇంటిని మరో చోటికి తీసుకుపోవడం సాధ్యమేనా? ఇటుకలతో, సున్నంతో కట్టిన ఇల్లయితే పగలగొట్టవలసిందే. కాని ఇంగ్లండులో 'బేలీఫ్' అనే రైతు ఇంటిని ఏ ముక్కకా ముక్కగా విప్పి, వేరే జిల్లాలో తిరిగి నిలబెట్టారు. అది ఎలా వీలయిందో తెలియాలంటే ముందు ఆ ఇంటి నిర్మాణం అర్థం చేసుకోవాలి.

లండన్‌కు ఆగ్నేయంగా ఉన్న కెంట్ జిల్లాలో, చిడింగ్‌స్టన్ ప్రాంతంలో, 15వ శతాబ్దం తొలి భాగంలో ఈ ఇల్లు కట్టారు. ఒక చివరి భాగం మాత్రం 16వ శతాబ్దం మొదట్లో కట్టినది. కొయ్యలో ఏటేటా ఏర్పడే వలయాలను పరిశీలించి ఈ కాలాలను నిర్ణయించారు.

ఈ ఇంట్లో గోడలు బరువు మోయవు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే మిగిలినదంతా సులభం. మంచానికి పట్టెలు, కోళ్ళు ఎలాగో ఈ ఇంటికి ఓక్ కొయ్యతో చేసిన చట్రం అలాంటిది. స్తంభాలు, దూలాలు, వాసాలు కలిసి పైకప్పు బరువును నేలకు చేరుస్తాయి. ఒక కొయ్య కొసను సన్నగా చెక్కి, రెండో కొయ్యలో తొలిచిన రంధ్రంలోకి దూర్చి, అడ్డంగా కొయ్య మేకు దిగగొడతారు. ఇనుప మేకుల అవసరం రాదు. ఓక్ ఎండితే చాలా గట్టిపడుతుంది కనుక వడ్రంగులు పచ్చి కొయ్యనే చెక్కేవారు. ఆ తరువాత అది ఆరుతూ కొద్దిగా వంకర తిరిగేది. పాత ఇళ్ళ దూలాలు తిన్నగా ఉండకపోవడానికి ఇదొక కారణం. చట్రంలో మిగిలిన ఖాళీలలో తడిక అల్లి, మట్టి మెత్తేవారు. తడిక గోడ మీలో చాలామందికి కొత్త కాదు.

ఇంటి నడుమ హాలు ఉంది. దానిపై అంతస్తు లేదు. తల ఎత్తితే నేరుగా పైకప్పే కనిపిస్తుంది. నేల మధ్యలో నిప్పు రాజేసేవారు. పొగగొట్టం లేదు. పొగ పైకి లేచి, కిటికీల గుండా, పెంకుల సందుల గుండా బయటికి పోయేది. కిటికీలకు అద్దాలు లేవు, కొయ్య ఊచలు, తలుపులు మాత్రమే ఉన్నాయి. ఇంగ్లండు చలిలో ఆ ఇంట్లో కూర్చోవడం ఎంత కష్టమో ఊహించండి! పొగ తప్పాలంటే తలుపులు తీయాలి, చలి తప్పాలంటే మూయాలి.

హాలుకు ఒక పక్క పానీయాలు, ఆహార పదార్థాలు దాచే గదులు. మరో పక్క మేడమీద యజమాని పడకగది, దానికి ఆనుకొని మరుగుదొడ్డి. ఇంటి రెండు చివరలా మేడగది ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది, నడిమి హాలు లోపలికి ఉన్నట్లు కనిపిస్తుంది. వీల్డ్ అనే ప్రాంతంలో ఇలాంటివి ఎక్కువగా ఉండడం వల్ల వీటిని 'వీల్డెన్' ఇళ్ళు అంటారు.

1960వ దశకంలో ఆ లోయలో బౌ బీచ్ జలాశయం నిర్మించారు. ఇల్లు ఉన్న చోటు నీట మునగనుంది. అప్పుడు, 1968–69లో, మేకులు తీసి చట్రాన్ని విప్పారు. వెస్ట్ ససెక్స్‌లోని సింగిల్‌టన్‌లో, పాత ఇళ్ళ కోసమే ఏర్పడిన ఆరుబయటి మ్యూజియంలో 1970వ దశకం మొదట్లో దాన్ని మళ్ళీ బిగించారు. మట్టి గోడలు కొత్తగా పెట్టక తప్పలేదు. చట్రంలో పాడైన కొయ్యల స్థానంలో కొత్తవి అతికారు.

అయితే తరువాతి తరాలవారు ఈ ఇంట్లో పొగగొట్టం కట్టుకున్నారు, హాలుపై అంతస్తు వేసుకున్నారు. మ్యూజియంవారు వాటిని తిరిగి పెట్టలేదు. ఇంటిని సుమారు 1540 నాటి రూపంలో చూపుతున్నారు. దీనివల్ల పాత హాలు మనకు స్పష్టంగా తెలుస్తుంది. కాని పొగ బాధ తప్పించుకున్నవారి జీవితం కూడా ఆ ఇంటి చరిత్రే కదా! దాన్ని తీసివేయడం నాకు కొంత లోటుగానే తోస్తుంది.

ఆలోచించి రాయండి: బేలీఫ్ ఇంట్లో ఒక మట్టి గోడ రాలిపోయిందనుకోండి. పైకప్పు కూలుతుందా? కారణాన్ని మూడు వాక్యాలలో రాయండి.