కింశుక శబ్దార్థ విచారము: చిలుకయు మోదుగుపువ్వును

పలాశమునకు అమరసింహుడు చెప్పిన పర్యాయపదములలో కింశుకమొకటి. ఈ పదమునకు వ్యుత్పత్తిని రెండు విధములుగా చెప్పుదురు. “కిం శుకః”, అనగా ఇది చిలుకయా యేమి, యని సందేహముగా చెప్పుట యొకటి. “కించిత్ శుక ఇవ”, అనగా కొంచెము చిలుకవంటిది, అని చెప్పుట రెండవది. వీనిలో ప్రకృతికి సరిపడు నది యేదియో విచారింపదగియున్నది.

మోదుగుపువ్వు చిక్కుడుకుటుంబములోనిది. దానికి రేకులైదు: పెద్దరేకొకటి, ప్రక్కరేకులు రెండు, ఒండొంటితో కూడియుండు రేకులు రెండు. ఈ కూడిన జంటయే కొడవలివలె వంగి చిలుకముక్కును తలపించును. కేసరములును కీలమును దానిలోపల దాగియుండును. రామచిలుక పైముక్కు ఎఱ్ఱనిది. పువ్వు వన్నె నారింజకలసిన యెఱుపు. ఆకారవర్ణములయందు సాదృశ్య మింతమట్టునకే కలదు.

తక్కిన విషయములలో భేదమే హెచ్చు. చిలుకయందు పచ్చదనము విస్తారము, ఎఱుపు స్వల్పము. మోదుగు మాఘఫాల్గుణములలో ఆకురాల్చి పూచును గావున చెట్టెల్ల నెఱుపే. చిలుక ముక్కు గింజలను చీల్చుటకును, కొమ్మలు పట్టి ప్రాకుటకును సాధనము. పువ్వు ముక్కు పుప్పొడిని కాపాడు నొర.

నిర్గంధకింశుకమును విద్యావిహీనునకు ఉపమానముగా చెప్పుట బాలురకును తెలిసినదే. అయినను వాసన లేకుండుట యీ పువ్వునకు లోపము కాదు. పక్షులవలన పరాగసంపర్కము జరుగు పువ్వులకు సామాన్యముగా వాసన యుండదు. రంగును తేనెయు నుండిన చాలును. మోదుగునకు ఊదారంగు తేనెపిట్ట ముఖ్యమైన పరాగవాహకమని 2003 సం.న ప్రకటితమైన పరిశోధనవలన తెలియుచున్నది. ఉడుతయు నిందు కొంత తోడ్పడును. చిలుకయో, తేనెకై పువ్వును కొఱికి త్రుంచివేయును. పేరిచ్చిన పక్షి హాని చేయుచుండగా, పేరులో లేని పిట్ట మేలు చేయుచున్నది!

కావున పోలిక యొక్క పువ్వులోని యొక్క యంగమునకే చెల్లును; చెట్టునకు గాని, ఆ రెండింటి జీవితమునకు గాని చెల్లదు. “కించిత్” అను వ్యుత్పత్తియే వస్తుస్థితికి తగియున్నది. సందేహరూపమైన వ్యుత్పత్తి చూచువాని భ్రాంతిని తెలుపును. ఇది వస్తువు హద్దును తెలుపును. ఉపాధ్యాయులు ఈ పదమును బోధించునపుడు పువ్వునొకదానిని తెప్పించి, ముక్కువంటి రేకులను విప్పి చూపినచో, నిఘంటువులోని “కొంచెము” ఎంతయో విద్యార్థులు కన్నులార గ్రహింపగలరు.