టీవీ కొంచెం తగ్గిస్తారా అక్కా?

మా నాయన నన్ను అడిగి చేసిన పనులు చాలా తక్కువ. నా కాలేజీ దగ్గర్నుంచి ఇంటికి వేసిన రంగు దాకా అన్నీ ఆయన నిర్ణయాలే. అలాంటి మనిషి నిరుడు దసరా సెలవుల్లో నన్ను ఒక మాట అడిగాడు.

కాణిపాకం వెళ్లి పలమనేరు తిరిగొస్తున్నాం. నాయన, అమ్మ, తమ్ముడు, నేను. హైవే పక్కన పెద్ద హోటల్లో ఆగాం. సంగటి ముద్ద విరుస్తూ నాయన నా వైపు చూసి ఏదో అన్నాడు. వెనక టీవీలో పాటలు, పక్కన స్టీలు ప్లేట్లు, లోపల మిక్సీ. పెదాలు కదిలాయి కానీ మాట చేరలేదు. అప్పటికే రెండుసార్లు 'ఏంటి?' అన్నా. మూడోసారి అనడానికి మొహమాటం. ఆయన ముఖం చూస్తే మామూలుగానే ఉంది. నవ్వి తలూపేశా.

మూడు రోజుల తర్వాత పెరట్లోకి వెళ్తే కొట్టం ఖాళీ. మా ఎర్రావు లేదు.

"అదేంది నాయనా, అమ్మేసినావా?"

"నిన్ను అడిగే కదా పాపా అమ్మినా! మోకాళ్లు సాగడంలే, అమ్మేద్దామా అంటే హోటల్లో ఊ అంటివే!"

ఆయన తప్పేం లేదు. నిజంగా వినపడి ఉంటే నేనూ అమ్మేయమనే అనేదాన్నేమో. కానీ మొదటిసారి నన్ను లెక్కలోకి తీసుకుని అడిగినప్పుడు, నేను ఆ టేబుల్ దగ్గర ఉండీ లేను. ఆ రోజే నిర్ణయించుకున్నా. ఇకమీదట ఏ ఊరు వెళ్లినా ముందు వెతకాల్సింది రుచి కాదు, రొద లేని చోటు.

మెషీన్ కళ్లద్దం కాదు

నాకు 27 ఏళ్లు. బెంగళూరులో ఉద్యోగం. రెండు చెవులకీ మెషీన్లు. 'మెషీన్ ఉంది కదా, ఇంకేం ఇబ్బంది?' అని చాలామంది అడుగుతారు. కళ్లద్దం పెట్టుకుంటే అక్షరం తేటగా కనపడినట్టు, మెషీన్ పెట్టుకుంటే మాట తేటగా వినపడుతుందని వాళ్ల లెక్క. అలా ఉండదు. మెషీన్ శబ్దాన్ని పెంచుతుంది. కొత్తవాటిలో రొద తగ్గించే ఏర్పాట్లూ ఉన్నాయి. కానీ చెవి లోపల దెబ్బతిన్న సన్నటి కణాలను అది బాగు చేయలేదు. నాయన గొంతునీ, పక్క టేబుల్ వాళ్ల గొంతునీ పూర్తిగా విడదీయనూ లేదు.

ఒక చిన్న పరీక్ష. పప్పు, ఉప్పు, కప్పు, తప్పు, చెప్పు. ఇవి పైకి చదవండి. 'అ', 'ఉ' లాంటి అచ్చులకు బలం ఎక్కువ, రొదలోనూ కొంత నిలబడతాయి. క, త, ప, చ, స లాంటి హల్లులు పలచన. ముందు మాయమయ్యేవి అవే. అందుకే హోటల్లో నాకు చేరేది 'ప్పు కావాలా?' అన్నంతవరకే. అది పప్పో ఉప్పో కప్పో నేను ఊహించుకోవాలి. భోజనం మొత్తం ఇలా ఊహించుకుంటూ కూర్చుంటే, చేయి కడుక్కునే సరికి పరీక్ష రాసి వచ్చినంత అలసట.

ఇంకో చిక్కుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో, రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబుల్స్ నష్టం ఉంటే వినికిడి లోపం అంటారు. 70, ఆపైన ఉంటే బధిరులు. నాది 50 దగ్గర ఉంది. చట్టం లెక్కలో నేను రాను. హోటల్ లెక్కలో మాత్రం వస్తా!

నాలాంటివాళ్లు తక్కువేం కాదు. చికిత్సో, సాయమో అవసరమయ్యేంత వినికిడి నష్టం ప్రపంచంలో 43 కోట్ల మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదికలో చెప్పింది. మీ ఇంట్లో పెళ్లి భోజనాల దగ్గర నవ్వుతూ, మాట్లాడకుండా తినేసి లేచిపోయే తాతో అవ్వో ఉంటే ఒకసారి గుర్తు చేసుకోండి. వాళ్లది బిడియం కాకపోవచ్చు.

రొద ఎక్కడ పుడుతుంది?

హైవే హోటల్లో చుట్టూ చూడండి. నేల టైల్స్, టేబుల్ గ్రానైట్, ముందు అద్దాలు. వీటిలో ఏదీ శబ్దాన్ని పీల్చుకోదు. గ్లాసు పడిన చప్పుడు గోడకి తగిలి మళ్లీ మన దగ్గరకే వస్తుంది. రొద పెరిగేకొద్దీ మనం తెలియకుండానే గొంతు పెంచుతాం. మన గొంతుకి పక్క టేబుల్ వాళ్లు పెంచుతారు. ఫ్రెంచ్ చెవి వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లోనే దీన్ని వివరించాడు. ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

మామూలుగా మాట్లాడుకునే గొంతు, మీటరు దూరంలో సుమారు 60 డెసిబుల్స్. హోటళ్లలో రొద కొలిచి పంచుకునే 'సౌండ్‌ప్రింట్' అనే యాప్ ఉంది. దాని లెక్కలో 70 లోపు నిశ్శబ్దం, 71 నుంచి 75 మధ్యస్థం, 76 నుంచి 80 గోల, ఆపైన మహా గోల. అమెరికా నగరాల హోటళ్లు అందులో బోలెడు. మన పుంగనూరు, మదనపల్లె వైపు అలా కొలిచి పెట్టినవాళ్లు నాకు కనపడలేదు. సరే, మనమే కొలుద్దాం అని ఫోన్‌లో డెసిబుల్ మీటర్ యాప్ వేసుకున్నా. ఫోన్ మైకు కొలత అటూ ఇటూ అవుతుంది. అయినా ఈ హోటల్‌కీ ఆ హోటల్‌కీ తేడా చూసుకోవడానికి సరిపోతుంది.

ఎండాకాలం ప్రయోగం

ఈ ఏడాది ఎండాకాలం సెలవుల్లో హార్స్‌లీ కొండకి బయల్దేరాం. పలమనేరు నుంచి పుంగనూరు, మదనపల్లె మీదుగా దారి. ఈసారి హోటళ్లు వెతికే పని నాది.

మొదటి ఎంపికే బెడిసింది. ఫొటోలు చూసి 'ఏసీ ఫ్యామిలీ హాల్' ఉన్న చోటు పెట్టా. తలుపులు మూసుంటాయి, బయటి హారన్లు రావు కదా అనుకున్నా. లోపల నలువైపులా అద్దాలు, టైల్స్. మధ్యలో ఎవరిదో పుట్టినరోజు, బ్లూటూత్ స్పీకర్‌తో సహా. బయట తగ్గిన రొద లోపల రెట్టింపైంది. ఫోన్ 82 చూపించింది. అమ్మ నా ముఖం చూసి 'పార్శిల్ కట్టిద్దాం పద' అంది.

కొండ మీద పెద్ద పెద్ద నీలగిరి చెట్లు. 1,200 మీటర్లకు పైన ఎత్తు, చల్లటి గాలి. చెట్టు కింద పార్శిల్ విప్పితే ఇంతకన్నా ప్రశాంతమైన చోటు ఉంటుందా అనుకున్నా. ఉంటుంది! గాలి నేరుగా మెషీన్ మైకుకి తగిలితే చెవిలో బస్సు ఇంజన్ ఆడినట్టే. అందరికీ 'ఆహా' అనిపించిన గాలి నాకు గుర్రుమంది. చివరికి గాలికి అడ్డుగా కారు పక్కన కూర్చుంటే మాట వినపడింది.

ఆ రెండు రోజుల్లో నాకు అర్థమైంది ఒకటే. 'నిశ్శబ్దమైన హోటల్' అని విడిగా ఒకటి ఉండదు. ఉండేది నిశ్శబ్దమైన వేళ, నిశ్శబ్దమైన మూల, అడిగితే టీవీ తగ్గించే మనిషి. ఈ మూడూ కుదిరితే ఏ హోటలైనా చాలు.

వెతకడం ఇలా

వేళ: ఒంటిగంట నుంచి రెండున్నర దాకా మన హోటళ్లలో ఊపిరాడదు. పన్నెండు లోపు వెళ్లండి, లేదా మూడు దాటాక. గూగుల్ మ్యాప్స్‌లో కొన్ని హోటళ్ల కింద ఏ గంటకి ఎంత రద్దీ ఉంటుందో గీతలు చూపిస్తుంది. గీత పొట్టిగా ఉన్న గంట మనది.

ఫొటోలు: బిర్యానీ ఫొటో దాటేసి గది ఫొటో చూడండి. అద్దాలు, టైల్స్, ఎత్తయిన పైకప్పు ఉంటే అనుమానించండి. కర్టెన్లు, తడికెలు, తెరిచిన వరండా, ఎడంగా వేసిన టేబుళ్లు ఉంటే మంచిది. మూలల్లో స్పీకర్లు ఉన్నాయేమో చూడండి.

అడగడం: 'మీ హోటల్ ప్రశాంతంగా ఉంటుందా?' అని అడిగితే ఎవరైనా 'సూపర్‌గా ఉంటుంది మేడం' అనే అంటారు. విడివిడిగా అడగాలి. ఫోన్‌లో మాట్లాడటం నాకు కష్టం కాబట్టి వాట్సాప్ పెడతా. ఇదిగో, కాపీ చేసుకోండి: 'నమస్తే. మాలో ఒకరికి వినికిడి తక్కువ. పన్నెండుకి నలుగురం వస్తాం. టీవీకి, వంటగదికి దూరంగా, గోడ పక్కన టేబుల్ ఇవ్వగలరా? అప్పుడు పాటలు పెడతారా?' జవాబు వచ్చిందంటే సగం పని అయినట్టే.

కూర్చోవడం: నా మెషీన్ మైకులు ముందు వైపు మాటని ఎక్కువ పట్టుకుంటాయి. అందుకే వంటగది నా వీపు వైపు ఉండాలి, మాట్లాడే మనిషి గోడకి ఆనుకుని నా ఎదురుగా ఉండాలి. వెలుతురు వాళ్ల ముఖం మీద పడాలి. కిటికీ వాళ్ల వెనక ఉంటే పెదాలు నీడలో పడి కనపడవు. మెషీన్ లేనివాళ్లకైతే మూల కుర్చీ మేలు. వెనక గోడ ఉంటే అటు నుంచి రొద రాదు. ఇద్దరి మధ్య దూరం సగమైతే మాట 6 డెసిబుల్స్ దాకా పెరుగుతుంది. అంటే వెడల్పు టేబుల్ కన్నా ఇరుకు టేబులే మనకి నయం.

ఫోన్: మాటని అక్షరాలుగా చూపించే గూగుల్ 'లైవ్ ట్రాన్స్‌క్రైబ్' తెలుగులోనూ పనిచేస్తుంది. రొద ఎక్కువైతే దానికీ నా గతే. పైగా మా నాయన 'యాడికి పోతాండారు' అంటే పాపం తికమక పడుతుంది. ఫోన్‌ని మాట్లాడేవాళ్ల ముందు పెడితే కొంత మెరుగు.

పక్కన కూర్చునేవాళ్లకి

అరవకండి. అరిస్తే పెదాల తీరు మారిపోతుంది, చుట్టూ పది తలలు తిరుగుతాయి. నా వైపు తిరిగి మామూలుగా, కొంచెం నిదానంగా చెప్పండి చాలు. మాట మార్చేటప్పుడు 'ఆవు గురించి' అని ముందు ఒక్క ముక్క అనండి. విషయం తెలిస్తే మిగతాది నేను అల్లుకోగలను.

ఇంకొక్కటి. 'ఏం చెప్పావు?' అని అడిగితే 'ఏం లేదులే' అనకండి. మీకది చిన్న మాట. మాకు అది తలుపు వేసినట్టు ఉంటుంది. జోక్ పాతబడినా సరే, మళ్లీ చెప్పండి.

నాలాంటివాళ్లకీ ఒక మాట. వినపడకుండా తలూపకండి. నేను ఊపిన తల ఖరీదు ఒక ఆవు.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఇది చదువుతున్నవాళ్లకి కూడా ఒక లెక్క. 80 డెసిబుల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి వినొద్దంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. శబ్దం పెరిగేకొద్దీ ఆ గంటలు గబగబా తగ్గుతాయి. వందకోట్లకు పైగా యువత ఇలా చెవులు పాడు చేసుకునే ప్రమాదంలో ఉన్నారట. పోయిన ఆ సన్నటి కణాలు మళ్లీ మొలవవు.

మూడు టేబుళ్ల మెస్సు

హార్స్‌లీ కొండ నుంచి తిరిగొచ్చాక, బెంగళూరు బస్సెక్కే ముందు రోజు, అసలైన చోటు మా ఊళ్లోనే దొరికింది. హైవేకి దూరంగా సందులో ఒక ఇంటి ముందు గది. మూడే టేబుళ్లు, కిటికీలకి పాత చీరల తెరలు. పదకొండున్నరకి వెళ్లాం. మేం తప్ప ఎవరూ లేరు. గోడకి టీవీ మాత్రం గట్టిగా మోగుతోంది.

ఇదివరకటి నేనైతే ఊరుకునేదాన్ని. ఈసారి లోపలికి వెళ్లి, "అక్కా, నాకు చెవులు సరిగా వినపడవు. టీవీ కొంచెం తగ్గిస్తారా?" అన్నా.

"దానికేం మ్మా, ఎవురూ చూడ్డంలే" అంటూ ఆమె తీసి స్విచ్చే ఆపేసింది. ఇన్నేళ్లూ ఈ ఒక్క మాట అడగడానికా నేను భయపడింది!

ఫోన్ తీసి చూశా. 58. నాయనని గోడ వైపు కూర్చోబెట్టా. సంగటి, చెనిక్కాయల ఊరుబిండి, పప్పు వచ్చాయి. ఈసారి పప్పంటే పప్పనే వినపడింది.

సగం తిన్నాక నాయన చేయి ఆపి నా వైపు చూశాడు. "ఆవు గురించి" అన్నాడు ముందు. నేర్చుకున్నాడన్నమాట! "కొట్టం చూస్తే మనసు ఊరుకోవడంలే. ఒక పెయ్యదూడని తెద్దామా అనుకుంటా ఉండా. నువ్వేమంటావు పాపా?"

ప్రతి అక్షరం వినపడింది.

"వద్దు నాయనా" అన్నా. "మోకాళ్లు సాగడంలేదని నువ్వే కదా అమ్మినావు? దూడకి గడ్డెవరు కోస్తారు?"

"మీ తమ్ముడు లేడా?"

"నేనా?" అన్నాడు తమ్ముడు. అమ్మ వాడి వైపు చేరింది. గంటసేపు నలుగురం గొడవపడ్డాం. ఎవరూ ఎవరికీ ఏదీ రెండోసారి చెప్పాల్సిన పని రాలేదు. మెస్సు అక్క మజ్జిగ పోస్తూ మా దూడ పంచాయితీలో తన మాటా ఒకటి వేసింది.

దూడ సంగతి ఇంకా తేలలేదు. వచ్చే సెలవులకి మళ్లీ అక్కడే, పదకొండున్నరకే, మాట్లాడుకుందాం అనుకున్నాం.